మా ఇంటి ముందు గరిక

గృహప్రవేశం అయిన మరుసటి ఆదివారం మా బావగారు కొలత టేపు పట్టుకొని వచ్చారు. ఆయన మా ఆయనకు అన్న. పక్క సైటు ఆయనదే. మాకంటే ముందే ఇల్లు కట్టుకొని, గేటు నుంచి గడప దాకా ఎర్రవి, బూడిద రంగువి సిమెంటు రాళ్లు పరిపించారు. చీపురుతో ఒక్కసారి ఊడిస్తే ఆకు కూడా మిగలని వాకిలి. మా ఇంటి ముందర కూడా అదే మేస్త్రీ చేత అవే రాళ్లు వేయించాలని ఆయన అప్పటికే నిశ్చయించుకొని ఉన్నారు. టేపు ఒక కొస మా ఆయన చేతికిచ్చి, రెండో కొస పట్టుకొని ప్రహరీ గోడ దాకా నడిచారు.

నేను కాఫీ గ్లాసు అందిస్తూ, "రాళ్లొద్దు బావా. గడ్డి పెంచుతాను" అన్నాను.

ఆయన టేపు వదిలేశారు. అది సర్రుమని మా ఆయన చేతిలోకి చుట్టుకుపోయింది.

"గడ్డా? ఏమమ్మా, ఆవును తెస్తా ఉండావా?"

"లేదు బావా. నడిచేదానికి, కూచునేదానికి."

ఆయన నాతో మాట్లాడటం మానేసి తమ్ముడి వైపు తిరిగారు. "ఏమప్పా, మన నాయన బతికినన్నాళ్లూ గడ్డి పెరుకుతానే ఉన్నాడు. మట్టి తొక్కి తొక్కి ఇంత దూరం వచ్చినాము. మళ్లీ మట్టేనా?"

ఆ మాటలో ఎగతాళి లేదు. ఊత్తంగరై దగ్గర పల్లెలో వాళ్లది మట్టి ఇల్లు. బురద కాళ్లతో బడికి వెళ్లి బయట నిలబడిన రోజులు ఆయనకు ఇంకా గుర్తు. కాలికి మట్టి అంటని వాకిలి అంటే ఆయనకు గౌరవం. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా నా మాట మార్చుకోలేదు.

మా ఆయన ఎప్పటిలాగే ఇద్దరినీ చూసి, టేపు జేబులో వేసుకొని, "చూద్దాంలే అన్నా" అన్నాడు.

నాకు ఈ గడ్డి పిచ్చి ఎక్కడిదో చెప్పాలి. హోసూరులో నేను పనిచేసే ఫ్యాక్టరీలో ఆఫీసు భవనం ముందు పెద్ద లాన్ ఉంది. మధ్యలో ఒక బోర్డు, తొక్కరాదని. పద్దెనిమిదేళ్లు నిండగానే ఆ గేటులో అడుగుపెట్టాను. అప్పటి నుంచి భోజనాల వేళ మేమంతా ఆ లాన్ చుట్టూ ఉన్న సిమెంటు గట్టు మీద కూర్చుంటాం, పాదాలు రోడ్డు వైపు పెట్టి, వీపులు పచ్చిక వైపు పెట్టి. ఒకసారి వాన వెలిసిన సాయంత్రం బూట్లు విప్పి ఒక్క అడుగు లోపలికి వేశాను. పచ్చిక చల్లగా, కొంచెం గుచ్చుకుంటూ ఉంది. సెక్యూరిటీ ఈల ఊదాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను కానీ ఆ రోజంతా లోపల ఏదో మండుతూనే ఉంది. అద్దె ఇళ్లలో మేడమీద తులసి కుండీ పెట్టినా నీళ్లు కారతాయని ఓనరమ్మలు తీయించారు. ఉద్దనపల్లి రోడ్డులో లేఔటు వేశారని తెలిసి ఈ సైటు కొన్నప్పుడే అనుకున్నాను, గదులు చిన్నవైనా సరే, ఇంటి ముందు నా కాలు పెట్టుకోవడానికి కాస్త పచ్చిక ఉండాలని. ఎవరి అనుమతీ లేకుండా.

అనుకోవడం వేరు, పెంచడం వేరు. నాకు గడ్డి గురించి ఏమీ తెలియదు. మా లేఔటు ఒకప్పుడు రాగిచేను. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు పోసిన కంకర, ఇటుక ముక్కలు, సున్నం అన్నీ అక్కడే పడి ఉన్నాయి. తొలకరి పడగానే వాటిలోంచే నడుము ఎత్తు పిచ్చిమొక్కలు లేచాయి. తెల్లపూల వయ్యారిభామ, తుంగ, పల్లేరు, పేరు తెలియనివి ఇంకెన్నో. ఇదంతా కోసే యంత్రం ఒకటి కొంటే పని అయిపోతుందని అనుకున్నాను. యంత్రాల మధ్య బతికే మనిషిని కదా, మొదట యంత్రం మీదికే బుద్ధి పోయింది.

హోసూరు బస్టాండు వెనక వ్యవసాయ పరికరాలు అమ్మే దుకాణానికి ఇద్దరం వెళ్లాం. అమ్మేవాడు నా వైపు చూడను కూడా చూడలేదు.

"సార్, సైటు ఎంత ఉండాది? పెట్రోలుది తీసుకోండి సార్. భుజానికి తగిలించుకొని తిప్పితే పొదలు కూడా ఎగిరిపోతాయి."

"తిప్పేది నేనప్పా" అన్నాను.

"ఆడోళ్లకు కష్టం మేడం."

"ఇటియ్యి."

అది దుకాణం బయట స్టార్ట్ చేసి చూపించాడు. పట్టుకున్నాను. మణికట్టు నుంచి మోచేతి దాకా జివ్వుమని వణుకు పాకింది. లైనులో రోజంతా గాలితో నడిచే గన్ను పట్టుకొని బోల్టులు బిగిస్తాను. ఇంటికొచ్చాక గ్లాసు పట్టుకుంటే చేతివేళ్లు ఇంకా అదురుతూనే ఉంటాయి. ఆదివారం కూడా అదే వణుకు ఎందుకు కొనుక్కోవాలి? వద్దన్నాను. తర్వాత కరెంటుది చూపించాడు. పొడుగాటి వైరు దాని వెనక తోకలా లాక్కొని తిరగాలి. బ్లేడు కింద వైరు పడితే? బ్యాటరీది చూడటానికి అందంగా ఉంది. "ఇది చెడిపోతే యాడ రిపేరు చేస్తారు?" అని అడిగితే బెంగళూరు పంపాలన్నాడు. అదీ వద్దన్నాను. అతను మా ఆయన వైపు దీనంగా చూశాడు. మా ఆయన ఎదురుగా ఉన్న నీళ్ల మోటార్ల వైపు చూస్తున్నాడు.

అప్పుడు మూలన, అట్టపెట్టెల వెనక అది కనబడింది. రెండు చక్రాలు, వాటి మధ్య వంకర తిరిగిన బ్లేడ్ల దొంతర, పొడుగాటి పిడి. మోటారు లేదు, వైరు లేదు. ముందుకు తోస్తే చక్రాలతో పాటు బ్లేడ్లు తిరుగుతాయి.

"అది ఎవురూ కొనరు మేడం. చేత్తో తోసేది."

లాగి బయటికి తెచ్చి దుకాణం నేల మీద తోశాను. చరచరచరమని కత్తెరలాంటి చప్పుడు. కింది బ్లేడును పట్టి ఉంచిన బోల్టులు పైకే కనబడుతున్నాయి. ఏది ఎక్కడ బిగుసుకుందో, ఏది విప్పితే ఏది వదులవుతుందో చూపుకే అర్థమవుతోంది. చెడిపోతే నేనే విప్పుకుంటాను, నేనే బిగించుకుంటాను. అదే కావాలన్నాను.

మా ఇద్దరి మధ్య బండి మీద దాన్ని నిలబెట్టుకొని ఇంటికి వచ్చాం. సిగ్నల్ దగ్గర పక్క ఆటోలోంచి ఎవరో ముసలాయన తల బయటికి పెట్టి, "ఏందమ్మా అది?" అని అడిగాడు. "గడ్డి కోసేది" అన్నాను. "ఎన్ని ఆవులు?" అన్నాడు. పచ్చదీపం పడేదాకా మా ఆయన వీపు నవ్వుతో ఊగుతూనే ఉంది.

మరుసటి ఆదివారం పొద్దున్నే పాత చుడీదారు వేసుకొని, చున్నీ నడుముకు బిగించి, యంత్రాన్ని ఆ పొదల్లోకి తోశాను. నాలుగడుగులు కూడా పోలేదు. వయ్యారిభామ కాడలు బ్లేడ్లలో ఇరుక్కున్నాయి. వెనక్కి లాగి మళ్లీ తోశాను. ఈసారి ఇటుక ముక్క తగిలి బ్లేడు కొస మెలికపడింది. అది పొడుగాటి పిచ్చిమొక్కలు కోసే యంత్రం కాదని, సమంగా ఉన్న నేల మీద పొట్టి పచ్చికను మాత్రమే కత్తిరిస్తుందని అప్పుడు తెలిసింది. దుకాణంలో అతను చెప్పలేదు, నేను అడగలేదు.

గోడ అవతలి నుంచి బావగారు చూస్తున్నారు. "ఏమమ్మా, ఆడుకునే బండి తెచ్చినావా?"

"నేర్చుకుంటా ఉండాను బావా" అని, బ్లేడు విప్పడానికి స్పానరు కోసం లోపలికి వెళ్లాను. ఆయన నవ్వు చెవులకు చేరినా వెనక్కి తిరగలేదు.

ఆ వారం నాకు రెండో షిఫ్టు. ఒకరోజు ఇంటికి వచ్చేసరికి ఇంటి ముందు పొదలన్నీ పోయాయి. కిటికీ అద్దంలో ఒక సూర్యుడి బొమ్మలాగా పగులు. కృష్ణగిరిలో మామిడితోట ఉన్న స్నేహితుడి దగ్గర నుంచి బావగారు పెట్రోలు యంత్రం తెప్పించి, మనిషిని పెట్టి కొట్టించారట. ఎగిరిన కంకర రాయి ఒకటి అద్దానికి తగిలింది. మా ఆయన ఆ పగులుకు టేపు అతికిస్తూ, "మంచికే చేసినాడులే" అన్నాడు.

"అడిగినాడా నన్ను?"

"అన్న గదా."

"వాకిలి నాది గదా."

మా ఆయన ఇంకో టేపు ముక్క చించాడు. నేను బావగారి ఇంటికి వెళ్లి పోట్లాడలేదు. కానీ వానలు మళ్లీ పడ్డాక ఏం జరిగిందో అందరూ చూశారు. పూత మీదున్న వయ్యారిభామను ముక్కలు ముక్కలుగా నరికి నేలంతా చల్లినట్టయింది. అంతకుముందు ఒకటి ఉన్నచోట పది లేచాయి. ఆ పచ్చని చిగుళ్లను చూస్తుంటే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. సరే, మీరా నేనా చూద్దాం అనిపించింది. ఆ "మీరు"లో మొక్కలూ ఉన్నాయి, మనుషులూ ఉన్నారు.

అప్పుడు మా అమ్మ బయటికి వచ్చింది. కొత్త ఇల్లు కట్టినప్పటి నుంచి అమ్మ మాతోనే ఉంటోంది. పెళ్లి కాకముందు నుంచీ ఉద్దనపల్లి చుట్టుపక్కల ఎవరెవరి చేలల్లోనో కలుపు తీసిన మనిషి. నా గడ్డి సంగతి విన్నప్పటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఎవరి పొలంలోనైనా కూలి ఇచ్చి తీయించేదాన్ని కూతురు కావాలని పెంచుతానంటే ఆమెకు తల తిరిగిపోయింది. ఆ రోజు మెట్ల మీద కూర్చొని, నేను వట్టి చేతులతో వయ్యారిభామ పెరుకుతుంటే కాసేపు చూసింది.

"చేతులకు ఏమన్నా చుట్టుకో. ఒళ్లంతా దద్దురు లేస్తాది."

ఆలస్యం అయిపోయింది. సాయంత్రానికి మోచేతుల దాకా ఎర్రగా పొంగింది. అమ్మ కొబ్బరినూనె రాసి, మరుసటి రోజు తన పాత ఇనుప తొలిక తీసింది. కూర్చొని కలుపు తీసే ఆ చిన్న పనిముట్టు పిడి ఆమె అరచేతి ఒంపులోనే అరిగి ఉంది. దాన్ని నా చేతికి ఇవ్వలేదు. తానే దిగింది.

"నీకు కావాలని కాదు. చూసి ఉండలేక" అంది.

ఆ వానాకాలమంతా మేమిద్దరం ఆ నేల మీద గొంతుకూర్చునే ఉన్నాం. నేను షిఫ్టు ముగిసి వచ్చాక, అమ్మ పొద్దు వంగాక. వయ్యారిభామను పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, వేరుతో సహా లాగాలి. చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకొని లాగేవాళ్లం. పల్లేరును కాయ పట్టకముందే తీయాలి. తుంగ సంగతే వేరు. ఆకు పట్టి లాగితే తెగి చేతికొస్తుంది, నేలలో గడ్డ నవ్వుతూ ఉంటుంది. తొలికతో లోతుగా తవ్వి, నల్లటి ఆ గడ్డలను ఒక్కొక్కటీ ఏరి డబ్బాలో వేసుకోవాలి. ఒక గడ్డ నుంచి తీగలాంటి వేరు, దాని కొసన ఇంకో గడ్డ. అమ్మ ఆ తీగ తెగకుండా లాగి, చివరి గడ్డ దాకా వెళ్లేది. నేను తెంపేదాన్ని.

"ఫ్యాక్టరీలో ఇట్లనే చేస్తే ఉంచుకుంటారా నిన్ను?" అనేది.

అమ్మకూ నాకూ అన్నింటిలోనూ కుదరలేదు. నేను కలుపు అని లాగబోయిన కొన్నింటిని ఆమె చేత్తో అడ్డుకునేది. గంగవాయిలాకు, దొగ్గలాకు, పొన్నగంటాకు. వాటిని ఒడిలో వేసుకొని, అన్నీ కలిపి బెరకాకు కూర వండేది. రాగిముద్దతో ఆ కూర తింటుంటే మా ఆయన, "ఇంటి ముందరే పండిందా?" అని రెండోసారి వేయించుకున్నాడు. దాంతో గోడవార కొంత జాగా అమ్మ ఆకుకూరలకు వదిలేశాను. ఏది కలుపో, ఏది కాదో నిర్ణయించే హక్కు ఆ నేల మీద మా ఇద్దరికే ఉందన్నది మాత్రం ఒప్పందం.

కంకర ఏరి, ఎత్తుపల్లాలు సమం చేసి, చెరువుమట్టి తోలించాక, పరిపించడానికి గడ్డి కోసం హోసూరు అవతల నర్సరీకి వెళ్లాను. చాపల్లాగా చుట్టి పెట్టిన పచ్చిక. వేలితో తడిమితే వెల్వెట్ లాగా ఉంది. రోజూ రెండుపూటలా నీళ్లు పెట్టాలన్నాడు నర్సరీ అతను. వేసవిలో మా లేఔటులో తాగే నీళ్లే ట్యాంకరుతో వస్తాయి. పచ్చిక కోసం ట్యాంకరు తెప్పించే మనిషిని కాలేను. చాప చుట్టను మళ్లీ అక్కడే పెట్టి వచ్చేశాను. ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చొని నేల వైపు చూస్తుంటే, కలుపు తీసిన చోట సన్నటి పచ్చటి తీగలు పాకుతున్నాయి. కణుపు కణుపుకూ వేరు దిగి, కొసన లేత ఆకులు విచ్చుకొని. గరిక. ఎవరూ వేయలేదు. ఎవరూ నీళ్లు పెట్టలేదు.

అమ్మ తొలికతో దాని మీదికి వెళుతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"ఉండనీ అమ్మా. ఇదే మన పచ్చిక."

అమ్మ నా ముఖంలోకి చూసింది. ఆమె కళ్లలో అంత కోపం నేను చిన్నప్పుడు కూడా చూడలేదు.

"గరికనా? ఈ గరికను పెరికీ పెరికీ నా నడుము ఇట్ల వంగింది. రాగిచేన్లో ఇంత కణుపు మిగిలితే కూలోళ్ల మేస్త్రీ మళ్లీ వెనక్కి పంపేవాడు. దాన్ని నీళ్లు పోసి సాకుతావా నువ్వు?"

"అది వాళ్ల చేను. ఇది మన వాకిలి. ఆడ వద్దన్నది ఈడ కావాల్నంటా ఉండాను. తప్పా?"

అమ్మ తొలిక అక్కడే పడేసి లోపలికి వెళ్లిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను నా పని ఆపలేదు. దగ్గరగా ఉన్న గరిక కాడలను కొడవలితో తెంపి, కణుపులు నేలకు ఆనేలా ఖాళీ ఉన్నచోట నాటుతూ పోయాను. మూడో రోజు నేను షిఫ్టు నుంచి వచ్చేసరికి గేటు పక్కన, నేను వదిలేసిన మూలలో, వరుసగా కణుపులు నాటి ఉన్నాయి. నేను నాటినవి వంకరటింకర. అవి దారం పట్టినట్టు ఉన్నాయి. అమ్మ మెట్ల మీద కూర్చొని చిక్కుళ్లు ఒలుస్తోంది. పక్కన కూర్చొని నేనూ ఒక గుప్పెడు చిక్కుళ్లు తీసుకున్నాను.

గరిక అల్లుకొని నేల కనబడని స్థితికి వచ్చిన తర్వాత, బ్లేడు మెలిక సరిచేసి, బోల్టులు బిగించి, నా యంత్రాన్ని మళ్లీ బయటికి తీశాను. ఈసారి తోస్తే ఆగలేదు. చరచరమంటూ కోసిన గరిక ముక్కలు పాదాల మీద చింది పడ్డాయి. ఆ వాసన, పచ్చి వాసన, ముక్కులోకి పోయి తల దాకా ఎక్కింది. ఒకేసారి మరీ కురచగా కత్తిరిస్తే ఎండకు మాడిపోతుందని ఒక మూల మాడ్చుకొని నేర్చుకున్నాను. కోసిన ముక్కలు ఊడ్చకుండా అక్కడే వదిలితే నేలకే బలమని తర్వాత తెలిసింది. అయినా తుంగ పోలేదు. గరిక మధ్యలోంచి నిటారుగా, మెరుస్తూ లేచేది. అది లేచినప్పుడల్లా బావగారికి పండుగ.

ఆయన మా లేఔటు సంఘానికి పెద్ద. ఒక సాయంత్రం గేటు దగ్గర నిలబడి, "అందరి వాకిళ్లూ ఒక్క తీరుగా ఉంటే చూసేదానికి మర్యాదగా ఉంటాది. నీ ఒక్క ఇల్లే అడవి. పాములొస్తాయి. ఒక్క స్ప్రే కొట్టిస్తే మొత్తం మాడిపోతాది. ఆమీట రాళ్లేసుకుంటారో ఏం చేస్తారో మీ ఇష్టం" అన్నారు.

"ఆ మందుకు తుంగేదో గరికేదో తెల్దు బావా. అన్నీ చస్తాయి. నాకొద్దు."

"నీకు చెప్పినా అర్థం కాదు."

ఆయన వెళ్లిపోయారు. నేను అదే చివరి మాట అనుకున్నాను.

తర్వాతి వారం మొదటి షిఫ్టు. కంపెనీ బస్సు మెయిన్ రోడ్డు మీద దింపితే, మధ్యాహ్నపు ఎండలో నడుచుకుంటూ మా వీధిలోకి తిరిగాను. మా గేటు ముందు జనం. పరుగు లాంటి నడకతో వెళ్లాను. వీపుకు మందు ట్యాంకు తగిలించుకొని, చేతిలో స్ప్రే గొట్టం పట్టుకొని ఒక మనిషి మా వాకిట్లో నిలబడి ఉన్నాడు. ముక్కుకు తువ్వాలు చుట్టుకున్నాడు. పక్కనే బావగారు. వాళ్ల ఎదురుగా, గరిక నట్టనడుమ, కాళ్లు బార్లా చాపుకొని మా అమ్మ. ఎండకు కొంగు తల మీద కప్పుకొని, ఇంటి గడప మీద కూర్చున్నంత నింపాదిగా కూర్చుంది.

"లెయ్యి అత్తా. ఒక్క ఘడియలో అయిపోతాది" అంటున్నారు బావగారు.

"నా మింద కొట్టమను. కొట్టినాక లేస్తాను."

"నువ్వే గదా అత్తా ఆ పొద్దు గరిక వద్దని తిట్టినావు?"

"తిట్టినాను. నా కూతుర్ని నేను తిట్టుకుంటాను. నీకేమప్పా? ఇది వాకిలి. ఈడ నా ఆకుకూర ఉండాది. వాకిట్లో మందు కొడతారా ఎవురన్నా?"

మందు మనిషి గొట్టం కిందికి దించాడు. "నేను పోతానన్నా, ఈమె లేచేట్లు లేదు" అన్నాడు తమిళంలో. బావగారు అతని భుజం పట్టి ఆపారు. నేను గేటు తోసుకొని లోపలికి వచ్చాను. యూనిఫారం కూడా విప్పలేదు. అమ్మ పక్కకు వెళ్లి, బూట్లు విప్పి, నేనూ కూర్చున్నాను. గరిక ఎండకు వెచ్చగా ఉంది.

"బావా, మీ వాకిట్లో మీరు రాళ్లు వేసుకున్నారు. నేనేమన్నా అన్నానా? మీకు మట్టి వద్దు. ఎందుకొద్దో నాకు తెలుసు, నేను తప్పు పట్టను. నాకు మట్టి కావాల. ఎందుకు కావాలో మీకు తెలిసినా తెలియకపోయినా సరే. మేము లేనప్పుడు నా గేటు తీసి లోపలికి రావొద్దు. ఒకసారి అద్దం పగిలినప్పుడే చెప్పాల్సింది. ఇప్పుడు చెప్తా ఉండాను."

వీధిలో ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తమ్ముడి భార్య బావగారితో అలా మాట్లాడటం ఆ వీధికి కొత్త. బావగారి ముఖం నల్లబడింది.

"ఏమప్పా, వింటా ఉండావా?" అన్నారు లోపలి వైపు చూసి.

మా ఆయన రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకొని ఉన్నాడు. ఆ గోలకు లేచి లుంగీ సర్దుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చాడు. అన్నను చూశాడు. నన్ను, అమ్మను చూశాడు. ఈసారీ "చూద్దాంలే" అంటాడనుకొని నేను కళ్లు దించుకున్నాను.

"అన్నా, వదిలెయ్" అన్నాడు. అంతే. కానీ అన్నాడు. తర్వాత మందు మనిషి దగ్గరికి నడిచి, గేటు బార్లా తెరిచి పట్టుకున్నాడు. అతను ట్యాంకుతో సహా బయటికి వెళ్లిపోయాడు.

"పాము వస్తే నన్ను పిలవొద్దు" అన్నారు బావగారు.

"పిలవను బావా" అన్నాను. ఆయన వెళ్లిపోయాక కూడా మేమిద్దరం చాలాసేపు లేవలేదు. లేవడానికి అమ్మకు నా చెయ్యి కావలసివచ్చింది. మోకాళ్లు పట్టేశాయట.

బావగారు చాలా నెలలు మా గడప తొక్కలేదు. ఇప్పుడు ఏదైనా శుభకార్యం ఉంటే వస్తారు, భోజనం చేస్తారు, వెళ్తారు. గేటు నుంచి గుమ్మానికి మేము వేసుకున్న సన్నటి రాతిబాట మీదే నడుస్తారు తప్ప ఒక్క అడుగు కూడా పచ్చిక మీద వేయరు. నేను రమ్మని బతిమాలను. సంఘం వాళ్లు వాకిళ్లన్నీ ఒక్క తీరుగా ఉండాలని మరోసారి చెప్పి పంపారు. సమాధానంగా ఆదివారం నా యంత్రాన్ని ఒక గంట ఎక్కువసేపు తోశాను. నా లైనులో పనిచేసే ఆడవాళ్లు ఒకసారి ఇంటికి వచ్చారు. ఎవరికీ ఏమీ చెప్పనవసరం లేకుండానే చెప్పులు గేటు దగ్గర వదిలి, గరిక మీద వెల్లకిలా పడుకొని, ఆకాశం చూస్తూ సూపర్‌వైజర్లను తిట్టుకున్నారు.

ఇది నర్సరీ వాళ్ల బొమ్మల్లోని పచ్చిక కాదు. మాఘమాసం దాటితే సగం ఎండి గోధుమ రంగుకు తిరుగుతుంది. మొదటి వానకు మళ్లీ పచ్చబడుతుంది. ఉత్తరపు మూలలో తుంగ ఇంకా ఉంది. బహుశా నేను ఉన్నంతకాలం ఉంటుంది. డబ్బా తీసుకొని వెళ్లి గడ్డలు ఏరుతాను, అది మళ్లీ వస్తుంది, నేనూ మళ్లీ వెళ్తాను. ఎవరు ముందు అలుస్తారో తెలియదు కానీ నాకైతే ఇప్పుడప్పుడే అలిసే ఉద్దేశం లేదు.

మొన్న ఆదివారం బ్లేడ్లకు ఆకురాయి పెట్టి, నూనె వేస్తున్నాను. ఎదురింటి అమ్మాయి రోడ్డు దాటి వచ్చింది. పెళ్లై జవళగిరి నుంచి ఈ ఏడే మా వీధికి వచ్చిన పిల్ల. వాళ్ల ఇల్లు ఇంకా పూర్తి కాలేదు, ముందర అంతా కంకర, పొదలు. గేటు పట్టుకొని నిలబడి కాసేపు చూసింది.

"అక్కా, ఈ మిషను మాకు ఒకసారి ఇస్తావా? మా వాకిట్లో కూడా గరిక పాకతా ఉండాది."

ఆమె వెనకే, ఎదురింటి గుమ్మంలోంచి వాళ్ల మామ కేక. "ఏమమ్మా, యాడికి పోతివి? రాళ్లోడు కొలతకు వచ్చినాడు!"

ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసింది. మళ్లీ నా వైపు చూసింది. చెయ్యి గేటు మీది నుంచి తీయలేదు.

"దీన్ని ఇప్పుడే తోస్తే ఇరుక్కుంటాది" అన్నాను. "ముందు కంకర ఏరాల. పొడుగువి కొడవలితో కొయ్యాల. తెలియకుంటే నేను వస్తాను."

"ఎప్పుడొస్తావు?"

చేతికి అంటిన నూనె పాత గుడ్డకు తుడుచుకొని లేచాను. "ఇప్పుడే పద" అని, కొడవలి తీసుకొని ఆమె వెంట రోడ్డు దాటాను.